అయితే మాస్టారు

మా ఆయన్ని ఊళ్ళో పిల్లలందరూ ‘అయితే మాస్టారు’ అంటారు. ఆయన బళ్ళో చరిత్ర చెబుతారు. ఫలానా యుద్ధంలో ఫలానా రాజు ఓడిపోయాడని ఎవడైనా గడగడా అప్పజెప్పి కూర్చోబోతే, “అయితే?” అని అడుగుతారు. అంటే, దానివల్ల ఏమైందిరా, ఎవరి బతుకు ఎటు మారిందిరా, అది చెప్పు అని. సగంలో ఆపేసిన జవాబంటే ఆయనకి ఒళ్ళుమంట. క్లాసులో అడిగితే సంతోషమే, కానీ ఇంట్లోనూ అదే మాట. గ్యాస్ అయిపోయిందండీ అంటే, అయితే? నీళ్ళ మోటారు కాలిపోయిందంటే, అయితే? నాకు జ్వరం వచ్చిందన్నా అదే. ఆ మాటతో పాతికేళ్ళు కాపురం చేశాను. చేతిలో కత్తెర విసిరికొట్టాలని ఎన్నిసార్లు అనిపించిందో చెప్పలేను.

ఆ ఎండాకాలంలో ఒకరోజు మాత్రం ఆ మాట కోసం ఎదురు చూశాను. రాలేదు.

మాది బట్టలు కుట్టే కొట్టు. ఇంటి ముందుగదే కొట్టు. బళ్ళు తెరిచే ముందు మాకు ఊపిరాడదు. ఎటు చూసినా యూనిఫారాలే, తెల్ల చొక్కాలు, నీలం నిక్కర్లు, కుచ్చిళ్ళ స్కర్టులు. ఆ మధ్యాహ్నం కాలర్లు నిలబడటానికి లోపల బక్రం గుడ్డ పెట్టి ఇస్త్రీ చేస్తున్నాను. మా అమ్మాయి ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. దాన్ని మేం మొండి అంటాం. పుట్టినప్పుడు ఏడవమంటే ఏడవలేదు. “అబ్బో, మొండిఘటం పుట్టిందమ్మా,” అని ఆసుపత్రి నర్సమ్మ అన్న మాటే ముద్దుపేరై కూర్చుంది.

“అమ్మా, ఫెయిలయ్యాను,” అంది.

“శుభమా అని పన్నెండో తరగతి ఫలితాలు వచ్చినరోజు ఆ వెటకారాలేంటే?”

“వెటకారం కాదు. చరిత్రలో ముప్ఫై రెండు. మిగతావన్నీ ఎనభై పైనే.”

ఇస్త్రీపెట్టె కాలరు మీదే ఉండిపోయింది. కాలిన వాసన వచ్చేదాకా చూసుకోలేదు. అది చరిత్రలో తప్పడమేమిటి? ఊహ తెలిసినప్పటి నుంచీ వాళ్ళ నాన్న పక్కన కూర్చుని రాజులతో, రైతులతో, తిరుగుబాట్లతో పెరిగిన పిల్ల. మా ఆయన అక్కడే కుర్చీలో ఉన్నారు. ‘అయితే?’ అంటారని చూశాను. అంటే నాలుగు దులుపుదామని నోరు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, లోపలికెళ్ళి తలుపు వేసుకున్నారు.

దానికి నగరంలోని పెద్ద కాలేజీలో సీటు వచ్చింది. ప్రవేశ పరీక్ష రాసి సొంతంగా తెచ్చుకున్న సీటు. చరిత్రే చదువుతానని పట్టుబట్టి తెచ్చుకుంది. క్లాసులు మొదలయ్యేలోపు పాసైనట్టు చూపించాలి, అదీ మొదటిసారికే పాసవ్వాలి. ఒక్కసారి తప్పినవాళ్ళని ఆ కాలేజీ గడప తొక్కనివ్వదు. మళ్ళీ రాసుకోవచ్చులే అని ఓదార్చడానికి కూడా లేదన్నమాట.

ఊరికి మాత్రం పండగే. “దీపం కింద చీకటంటే ఇదేనమ్మా,” అని కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ నా ముందే నవ్వింది. ఆవిడ కొడుకు నిక్కరు నడుము బిగించి కుట్టాను. నా బుద్ధి అంతే.

మార్కులు మళ్ళీ కూడమని బోర్డుకి పెట్టుకున్నాం. ‘మార్పు లేదు’ అని వచ్చింది. కూడడమైతే కూడతారట గానీ మళ్ళీ దిద్దరట. రూలు ఒప్పుకోదట. అప్పుడే నాకు లాయరమ్మ గుర్తొచ్చింది. పక్కూరు నుంచి వచ్చి మా వీధి చివర ఆఫీసు పెట్టింది. ఆవిడ నల్లకోటు భుజాలు ఎవరు కుట్టినా కుదరక చివరికి నా దగ్గరే కుదిరాయి. ఆ అభిమానంతో, కేసు వేద్దాం రమ్మంది.

ఆ సంగతి తినేటప్పుడు చెప్పాను.

“కోర్టుకా? బోర్డు మీదా?” అన్నారు మా ఆయన. “దిద్దింది దిద్దిందే. రూల్సు ఒప్పుకోవు.”

“దిద్దినవాడేమన్నా దేవుడా? నడుము బిగుతైందని ఎవరైనా తెస్తే విప్పి మళ్ళీ కుట్టనా నేను? కొలత కరెక్టే, నీ పొట్టదే తప్పు పొమ్మంటానా?”

“అది గుడ్డ.”

“ఇది దాని బతుకు!”

మొండి తినడం ఆపేసింది. “నాన్నా, నేను బాగా రాశాను. ఒట్టు. నువ్వు చెప్పినట్టే రాశాను. ఎవరో కళ్ళు మూసుకుని దిద్దారు.”

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. ఉద్యోగస్తుడి భయం అనుకున్నాను. నా నోరు ఊరుకోదుగా. “ప్రతి ఎండాకాలం ఆ క్యాంపుకి పోయి వాళ్ళ పేపర్లు దిద్దీ దిద్దీ మీకూ వాళ్ళ బుద్ధులే వచ్చాయి,” అన్నాను. ఆయన మాట పడే మనిషి కాదు. ఆ రోజు పడ్డారు.

ఈ క్యాంపు గురించి ఒక ముక్క చెప్పాలి. పరీక్షలవగానే మాస్టర్లందరినీ పోగేసి పేపర్లు దిద్దిస్తారు. ఏ ఊరి పేపర్లూ ఆ ఊరి దగ్గర క్యాంపుకి రావు. కన్నబిడ్డ పరీక్ష రాసే ఏడాది ఆ సబ్జెక్టు దిద్దడానికి వెళ్ళకూడదు, ముందే చెప్పి తప్పుకోవాలి. అదీ రూలే. ఈ ఏడాదికి మానేయండని నేను అన్నాను కూడా. “మన ఊరి పేపర్ల కట్టలు అక్కడికెప్పుడొచ్చాయి? నేను మానేస్తే నిన్నమొన్న చేరిన కుర్రాళ్ళు చరిత్రకి మార్కులు పప్పుబెల్లాల్లా పంచేస్తారు,” అని సంచీ సర్దుకుని పోయారు. తను లేకపోతే చరిత్రే ఆగిపోతుందన్నట్టు ఉండేది ఆ గీర.

మొదటి వాయిదా రోజు కోర్టు హాల్లో పంకాలు తిరుగుతున్నాయన్న మాటే గానీ గాలి లేదు. మొండి నా చెయ్యి పట్టుకోలేదు. బెంచీ అంచు పట్టుకుని కూర్చుంది. మా ఆయన బళ్ళో అడ్మిషన్ల పనుందని రాలేదు. జడ్జిగారికి జలుబు చేసినట్టుంది, మాటకోసారి రుమాలు తీస్తున్నారు.

బోర్డు తరఫు లాయరు లేచాడు. “ఈ ఒక్క అమ్మాయికి తలుపు తీస్తే రేపు లక్షమంది గుమ్మంలో ఉంటారండీ. మార్కులు తగ్గాయని ఏడ్చిన ప్రతి పిల్లకీ మళ్ళీ దిద్దాలంటే బోర్డు మూసుకోవాల్సిందే.”

“ఏడవలేదండీ,” అంది మొండి కూర్చున్నచోటి నుంచే.

హాలంతా ఇటు తిరిగింది. నేను దాని తొడ మీద గిల్లాను. జడ్జిగారు కోప్పడలేదు. రుమాలు మడిచి, “చూడమ్మా, మార్కులు తక్కువొచ్చాయని మాత్రమే మళ్ళీ దిద్దించే అధికారం నాకు లేదు,” అన్నారు. “దిద్దిన పద్ధతిలో తప్పు జరిగిందని చూపిస్తే అప్పుడు వింటాను. ఆ పేపరు నకలు వీళ్ళకివ్వండి. నాకూ ఒకటి పెట్టండి.” రెండు వారాలకి వాయిదా వేశారు. కాలేజీ గడువు సరిగ్గా ఆ వారంలోనే ముగుస్తుంది.

నకలు వచ్చిందని లాయరమ్మ కబురు పెడితే సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. ఆవిడ పేజీలు తిప్పుతూ పెదవి విరిచింది.

“అన్ని జవాబులూ దిద్దారు. ఏదీ వదిలేయలేదు. కూడికా సరిగ్గానే ఉంది. పట్టుకోవడానికేమీ దొరకట్లేదమ్మా. ఒక్కటే వింతగా ఉంది. ఇదిగో, ఈ జవాబు పక్కన మార్జిన్లో ఏదో రాసి కొట్టేశారు. దిద్దేవాళ్ళు అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదు. కొట్టేసినా కింద మాట తెలుస్తోంది. ‘అయితే?’ అట. ఇదేం మాటండీ!”

ఆవిడ మా ఊరిది కాదు. ఆవిడకి తెలియదు.

నేను వంగి చూశాను. ఆ ప్రశ్నార్థకం కింద చుక్క లేదు. పై వంపు మాత్రం నేను బట్టలకి కుట్టే హుక్కులా ఉంది. మా ఇంటి క్యాలెండరు మీద, మా కరెంటు బిల్లు వెనక, వేల క్లాసు పేపర్ల మీద నేను చూసిన హుక్కే అది. మొండి వైపు చూశాను. అది కాగితం మీంచి కళ్ళు ఎత్తలేదు.

“ఎవరు దిద్దారో పేరు బయటపెట్టమని గట్టిగా అడుగుతాను,” అంది లాయరమ్మ. “ఈ మాట పట్టుకుని లాగితే ఏదైనా తగలొచ్చు. ఏంటమ్మా, అలా ఉన్నారిద్దరూ?”

“ఏం లేదు మేడమ్. ఎండ,” అంది మొండి. అప్పటికి బయట మబ్బు పట్టి ఉంది.

వీధిలోకి వచ్చాం. బేకరీ దాటాక అది ఆగింది.

“అమ్మా, కేసు వద్దు.”

“ఏంటే?”

“వద్దంటే వద్దు. పేరు బయటికొస్తే నాన్న ఉద్యోగం పోతుంది.”

“మరి నీ సీటు?”

“పోతే పోయింది.” ఆ మాట అనేసి ముందుకు నడవబోయి, మళ్ళీ ఆగింది. “నాదని తెలియకుండా ఉంటుందామ్మా ఆయనకి? నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే కదా? పలక మీద నా చెయ్యి పట్టుకుని దిద్దించాడు కదా? తెలిసే వేశాడా?”

పుట్టినప్పుడు ఏడవని పిల్ల నడివీధిలో నిలబడి ఏడ్చింది. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేదు. దాన్ని దగ్గరికి తీసుకుందామంటే చెయ్యి విదిలించుకుంది.

ఇంటికొచ్చేసరికి ఆయన కటింగ్ బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. మొండి ఆయన్ని దాటుకుని లోపలికెళ్ళిపోయింది. నేను కొట్టు షట్టరు సగం దించాను. నకలు తీసి, ఆ పేజీ పైకి వచ్చేలా ఆయన ముందు పెట్టాను. ఎగిరిపోకుండా మీద కత్తెర పెట్టాను.

ఆయన చూశారు. ముట్టుకోలేదు.

“అయితే?” అన్నాను నేను.

ఆయన కత్తెర వైపు చూస్తూ చెప్పుకొచ్చారు. “ఒక క్యాంపులో మాస్టర్లు సమ్మెకి దిగారు. అక్కడి కట్టలన్నీ మాకు పంపించారు. మొదటి పేజీ తిప్పగానే తెలిసింది. తలకట్టు అక్షరానికి అంటకుండా విడిగా పెడుతుంది కదా అది. చిన్నప్పుడు ఎంత దిద్దించినా మార్చుకోలేదు.”

“పక్కన పెట్టి చెప్పేయలేకపోయారా?”

“చెబితే ముందే ఎందుకు తప్పుకోలేదని అడుగుతారు. అంతమందిలో తలవంపులు. న్యాయంగా దిద్దేసి కట్టలో పెట్టేద్దాం, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. ఐదు వెయ్యొచ్చు అనిపిస్తే, కూతురు కాబట్టి అనిపిస్తోందేమోనని నాలుగు వేశా. నాలుగు చూస్తే అదీ ఎక్కువేమోనని మూడు చేశా. ఎక్కడ ఆపాలో తెలియలేదు.”

“పరాయి పిల్లదైతే ఎంత వేసేవాళ్ళు?”

ఆయన గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క తీసుకుని వేళ్ళతో నలిపారు. “డెబ్బై దాకా.”

“అయితే అది మీ కడుపున పుట్టకుండా ఉండాల్సింది,” అన్నాను. అన్నందుకు ఇప్పటికీ నాకు విచారం లేదు. “ఇంకోటి కూడా వినండి. అది కేసు వద్దంటోంది. మీ ఉద్యోగం కోసం.”

ఆయన తలెత్తారు. “దానికి తెలిసిపోయిందా?”

“మీరు దిద్దించిన పిల్లేగా, చదవడం రాదా?”

లోపలి గది తలుపు ఓరగా ఉంది. అది వింటూనే ఉంది, నాకు తెలుసు. నేను మెషీను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టాను. దారం తెగిపోయిందని చాలాసేపటికి గానీ తెలియలేదు.

ఆ తర్వాత వాయిదా దాకా ఇంట్లో ముగ్గురం మూడు అద్దె వాటాల్లో ఉన్నట్టు ఉన్నాం. మొండి ఆయనతో మాట్లాడటం మానేసింది. నీళ్ళిమ్మన్నా గ్లాసు బల్ల మీద పెట్టి పోయేది. నాకు మాత్రం ఒకటే లోపల రంపంలా కోత. దాని సీటు నిలబెడితే ఆయన ఉద్యోగం పోతుంది, ఆయన్ని కాపాడితే దాని చదువు పోతుంది. ఎటు తిరిగినా నా ఇల్లే.

వాయిదా రోజు పొద్దున్నే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పకుండా వెళ్ళిపోయారు. బడికి పోయారనుకున్నాను. పిరికితనం అనుకున్నాను. బయటికే అన్నాను కూడా, గోడలు విన్నాయి.

కోర్టు మెట్ల మీద మొండి లాయరమ్మకి చెప్పేసింది, కేసు వెనక్కి తీసుకోమని. ఆవిడ నా వైపు చూసింది. నేను అవుననలేదు, కాదనలేదు. “ఇంత దూరం తెచ్చి ఇప్పుడా? పిల్లకి బుద్ధి లేకపోతే మీకైనా ఉండక్కర్లేదా?” అని ఆవిడ విసురుగా లోపలికి నడిచింది. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు.

మా కేసు పిలిచారు. జడ్జిగారి జలుబు ఇంకా తగ్గలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని నకలు చూస్తూ, “ఇదేమిటిది? మార్జిన్లో ‘అయితే?’ అని ఉంది. దిద్దేవాళ్ళు జవాబు రాసినవాళ్ళని ఎదురు ప్రశ్నలు వేస్తారా?” అన్నారు. బెంచీల్లో నవ్వులు. వెనకెక్కడో ఎవరో గుసగుసగా ‘అయితే మాస్టారు’ అన్నట్టు వినిపించింది. నిజంగా అన్నారో, నా భయమో.

“అలవాటుకొద్దీ రాసి ఉంటారండీ, కొట్టేశారు కదా,” అన్నాడు బోర్డు లాయరు.

“ఎవరు వారు?”

“దిద్దినవాళ్ళ పేరు రహస్యమండీ.”

లాయరమ్మ లేచింది. కోటు సర్దుకుంది. “నా క్లయింటు ఈ కేసుని...”

“నేనే రాశానండీ.”

గొంతు తలుపు దగ్గర నుంచి వచ్చింది. మా ఆయన ఎప్పుడొచ్చి నిలబడ్డారో చూడలేదు. చొక్కా చేతికి ఒక గుండీ లేదు. నేను ఇంట్లో ఉండి కూడా గుండీ లేని చొక్కాతో కోర్టుకొచ్చారని ఆ క్షణంలో కూడా నాకు చిరాకేసింది.

“ఎవరండీ మీరు?”

“చరిత్ర మాస్టారినండీ. ఆ పేపరు దిద్దింది నేను.” అక్కడ ఆగిపోయారు.

జడ్జిగారు తుమ్మొచ్చి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. తుడుచుకుని ఆయన వైపు చూసి మామూలుగా అన్నారు, “అయితే?”

ఎవరూ నవ్వలేదు. మా ఆయన పెదవులు కదిలాయి. పాతికేళ్ళుగా పిల్లల్ని నిలబెట్టి ఆయన అడిగిన మాట. పిల్లలు అప్పుడు ఎలా నేల చూపులు చూసేవాళ్ళో అలాగే నేల చూశారు. ఆ తర్వాత తలెత్తి జవాబు పూర్తి చేశారు.

“ఆ అమ్మాయి నా కూతురండీ. నేను దిద్దకూడదు. దిద్దాను. దానిదని తెలిసే తక్కువ వేశాను. దాని తప్పేమీ లేదు.”

మొండి తల వంచుకుంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. ఈసారి విదిలించుకోలేదు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. వేరే ఊరి మాస్టర్లు ఇద్దరు విడివిడిగా దిద్దాలని ఆర్డరు వచ్చింది. డెబ్బై ఒకటి వేశారు. కాలేజీ గడువు చివరిరోజున కాగితం అందింది. ‘అయితే?’ అని రాసిన ఆ జవాబుకి మాత్రం వాళ్ళూ సగమే వేశారట. ఆ సంగతి మొండి నాతో చెప్పింది. “చివర రాయలేదు నేను. టైమైపోయింది,” అంది. ఆయనతో చెప్పలేదు.

ఆయన్ని సస్పెండు చేశారు. విచారణ ఎన్నాళ్ళు పడుతుందో ఎవరికీ తెలియదు. బళ్ళు తెరిచారు, ఆయనకి బడి లేదు. వాన పడుతుంటే కొట్లో నా ఎదురుగా కూర్చుని యూనిఫారం చొక్కాలకి గుండీలు కుట్టేవారు. ఒక్కటీ వరసలో పడేది కాదు. ఆయన పక్కకెళ్ళినప్పుడు విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. గ్యాస్ అయిపోయిందంటే కిక్కురుమనకుండా లేచి వెళ్ళి తెచ్చేవారు. చెప్పకూడదు గానీ, ఆ మాట లేక ఇల్లు బోసిపోయింది.

మొండిని బస్సెక్కించడానికి ముగ్గురం వెళ్ళాం. పెట్టె ఆయనే మోశారు. అది నాతోనే మాట్లాడుతోంది, నా కళ్ళలోకే చూస్తోంది. బస్సు హారన్ కొట్టింది.

“వెళ్తున్నానమ్మా,” అంది.

“వెళ్తున్నా అనకూడదు, వెళ్లొస్తా అనాలి,” అన్నారు ఆయన.

అనేసి నాలుక కరుచుకున్నారు. పుట్టుకతో వచ్చిన దిద్దుబాటు ఎక్కడికి పోతుంది! పెట్టె పిడి పట్టుకుని అలాగే ఉండిపోయారు. మొండి మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది. కోర్టు తర్వాత మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది.

“అయితే?” అంది.

ఆయన పెట్టె మెట్టు మీదికి ఎత్తారు.

“అయితే... మళ్ళీ వస్తావని,” అన్నారు.

అది పెట్టె అందుకుంది. బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, అద్దం జరపబోతే బిగుసుకుపోయింది. రెండు చేతులతో తోసింది. బస్సు కదులుతుండగా తెరుచుకుంది.

“వెళ్లొస్తా,” అని అరిచింది. నాతో కాదు, ఆయనతో.